కుక్క ఉన్న ఇంట్లో తోటపని: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండలో హైదరాబాద్ రోడ్డు కాలనీల్లోనూ, పానగల్లు దారిలోనూ ఇళ్ల ముందు తోటలు, లాన్లు చూసుకునే చిన్న జట్టు మాది. నలుగురం. మేం వెళ్లే ఇళ్లలో సగానికి పైగా కుక్కలున్నాయి. కొత్తగా ఈ పనిలోకి దిగిన పిల్లలు ఫోన్ చేసి అడిగేవి, ఇంటివాళ్లు గేటు దగ్గర నిలబెట్టి అడిగేవి కలిపి ఇక్కడ రాశాను. కుక్క వేసేదాన్ని పేపర్ భాషలో మలం అంటారు. మేం పెంట అంటాం, ఇక్కడా అదే అంటాను.

కుక్క పెంట ఎవరు ఎత్తాలి? మాలీనా, ఇంటివాళ్లా?

ఇంటివాళ్లే. కుక్క వాళ్లది, అన్నం పెట్టేది వాళ్లు, ముద్దు చేసేది వాళ్లు. మేం వచ్చేది గడ్డి కోయడానికి, కొమ్మలు కత్తిరించడానికి, పాదులు చేయడానికి. కానీ ఇది నోటితో చెప్పినంత సులువుగా జరగదు. "ఎట్లాగూ కిందికి వంగే పనే కదా, అది కూడా ఎత్తెయ్" అంటారు చాలామంది. చెడ్డవాళ్లై కాదు, ఆలోచించక.

మా జట్టులో ఒక పెద్దాయన ఉన్నాడు. మొదటి నెలలో ఒక ఇంట్లో నేను ఆయన చేతికి రేకు చాట ఇచ్చి లాన్ మూల చూపించాను. చాట కింద పెట్టేసి, "నేను తోటపనికి వచ్చిన బిడ్డా, గా పనికి కాదు" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. నాకు ముఖం చెల్లలేదు. ఊళ్లలో ఎవరి పెంట ఎవరు ఎత్తాలన్నది తరాల తరబడి కులం చూసే చెప్పారు. ఆ పని నుంచి బయటపడి పార పట్టుకున్న మనిషికి మళ్లీ చాట ఇచ్చి "కుక్కదే కదా, ఏముంది" అనడం నాకు తప్పనిపించింది. ఆ రోజు నుంచి ఒకటే పద్ధతి. ఇంటివాళ్లు ఎత్తి పెట్టాలి. ఎత్తకపోతే, పని ఆగకూడదనుకుంటే నేనే ఎత్తుతాను, దానికి వేరే డబ్బు తీసుకుంటాను. కూలికి వచ్చిన వాళ్లకు పురమాయించను.

ఆ మాట సార్‌తో ఎలా చెప్పాలి? కోపం వస్తే ఆ ఇంటి పని పోతుంది కదా?

పని మొదటి రోజు, డబ్బు మాట్లాడేటప్పుడే చెప్పాలి. పని మధ్యలో చేతికి అంటిన తర్వాత చెబితే అది ఫిర్యాదు అవుతుంది, ముందు చెబితే షరతు అవుతుంది. నేనైతే ఇలా అంటాను: "సార్, పొద్దుగాల మేం వచ్చేలోపు ఒకసారి లాన్ చూసి ఎత్తించి పెట్టండ్రి. మిషన్ తిరిగితే గోడలకు, బట్టలకు ఎగురుతది, మళ్ల మీకే ఇబ్బంది." చివరి ముక్క ముఖ్యం. మా ఇబ్బంది చెబితే వినేవాళ్లు కొందరే. వాళ్ల గోడ అంటే అందరూ వింటారు.

ముందు రోజు సాయంత్రం వాట్సాప్‌లో ఒక మెసేజ్ కూడా పెడతాను. "సార్, రేపు ఏడింటికి వస్తున్నాం. కుక్కను కట్టేసి, లాన్ శుభ్రం చేయించి పెట్టగలరు." అంతే. దండం బొమ్మ ఒకటి చివర్లో. ఆ బొమ్మతో సగం పని అవుతుందని నా అనుభవం. మేడమ్‌కు పంపితే మిగతా సగం కూడా అవుతుంది, ఎందుకంటే చాలా ఇళ్లలో కుక్కను తెచ్చేది సార్, కడిగేది మేడమ్.

చూడకుండా గడ్డి మిషన్ పెడితే ఏమవుతుంది?

మొదటి ఏడు వానాకాలం. రిటైర్ అయిన ఒక సార్ ఇల్లు, లాబ్రడార్ కుక్క. వర్షాలకు మేం మూడు వారాలు పోలేదు, గడ్డి మోకాలి దాకా పెరిగింది. నేను బ్రష్ కట్టర్, అంటే నైలాన్ దారం తిప్పి గడ్డి కోసే మిషన్, భుజానికి వేసుకుని నేరుగా దిగాను. గోడ వారగా రెండు అడుగులు వేశానో లేదో, నైలాన్ దారం దేనికో తగిలి టప్‌మని చప్పుడైంది. రాయి అయితే ఠంగుమంటుంది. ఇది మెత్తని చప్పుడు. తర్వాత క్షణంలో కళ్లద్దాల మీద గోధుమ రంగు చుక్కలు, పెదవి మీద ఏదో తడి. వాసన ఆ తర్వాత వచ్చింది. మిషన్ ఆపి చూస్తే తెల్ల సున్నం గోడ మీద విసనకర్ర ఆకారంలో మరక పరుచుకుంది. దాని పక్కన దండెం మీద ఆరేసిన సార్ తెల్ల లుంగీ, మనుమరాలి స్కూల్ చొక్కా.

గోడకు ఆ సాయంత్రం నేనే సున్నం కొట్టాను. బట్టల డబ్బు కూలీలోంచి పట్టుకున్నారు. న్యాయమా అంటే, పెంట వాళ్ల కుక్కదే, కానీ చూడకుండా దిగింది నేను. ఇద్దరిదీ తప్పే. డబ్బు మాత్రం నాదే పోయింది.

ఆ దారం నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. ఎండిపోయిన పెంట తగిలితే పొడై గాలిలో లేస్తుంది, మనం పీల్చేస్తాం. పచ్చిది తగిలితే చిందుతుంది. రెండూ చెడ్డవే. అందుకని ఇప్పుడు మిషన్ దించేముందు ఒక పొడుగు కర్రతో గడ్డిని రెండు పక్కలకూ తోస్తూ లాన్ మొత్తం నడుస్తాను. దున్నేవాడు సాలు వెంబడి సాలు పోయినట్టు, ఈ గోడ నుంచి ఆ గోడకు, మళ్లీ ఇటు. కనబడిన చోట చిటికెడు ముగ్గు పిండి వేస్తాను, తర్వాత వెతుక్కోనక్కర్లేదు. పది నిమిషాల పని. కుక్కలకు అలవాటు చోట్లుంటాయి. గోడ వార, మామిడి చెట్టు చాటు, వాటర్ ట్యాంక్ వెనక. నెల తిరిగేసరికి ఆ ఇంటి పటం మీకే నోటికి వస్తుంది. ముఖానికి ఫేస్ షీల్డ్, కాళ్లకు మోకాళ్ల దాకా గమ్ బూట్లు లేకుండా మిషన్ పట్టొద్దు. ఎండాకాలంలో నలభై నాలుగు డిగ్రీల్లో గమ్ బూట్లు నరకమే, తెలుసు. అందుకే మే నెలలో ఆరింటికే దిగి తొమ్మిదికి ముగిస్తాం.

ఎత్తాల్సి వస్తే ఎలా ఎత్తాలి?

ఎండింది అయితే బాధ లేదు, చిన్న పారతో కింద నుంచి లేపితే వస్తుంది. ఊడవొద్దు, చీపురుతో ఊడిస్తే పొడి లేస్తుంది. పచ్చిది అయితే దాని మీద పిడికెడు పొడి మన్ను గానీ బూడిద గానీ చల్లి రెండు నిమిషాలు ఆగండి. తడి పీల్చుకుని గట్టిపడుతుంది. మన ఎర్ర చెల్క మన్ను దీనికి బాగా పనికొస్తుంది. ఆ తర్వాత కొద్దిగా గడ్డితో సహా లేపాలి, గీకితే గడ్డి వేళ్లలోకి పోతుంది.

వానకు కరిగిపోయింది ఒక్కటే నిజమైన తలనొప్పి. దాన్ని ఎత్తలేం. పైపుతో గట్టిగా నీళ్లు కొడితే లాన్ అంతా పాకుతుంది, ఆ తప్పు చేయొద్దు. ఆ చోట మన్ను కప్పి, ఆ రోజు అక్కడ గడ్డి కోయకుండా వదిలేసి, ఇంటివాళ్లకు చూపించి చెప్పండి. ఒక జానెడు గడ్డి పొడుగ్గా మిగిలితే ఏ లాన్ అందమూ చెడదు.

పార మాత్రం వేరుగా ఉండాలి. మా దగ్గర పిడికి ఎర్ర రంగు వేసిన చిన్న పార ఒకటి ఉంది, దాన్ని పూల మొక్కల దగ్గరికి తీసుకుపోము.

ఎత్తింది ఎక్కడ వేయాలి?

అన్నిటికంటే మంచిది ఇంటివాళ్ల లెట్రిన్‌లో వేసి నీళ్లు పోయడం. కవర్ లేకుండా, మన్ను అంటకుండా ఉంటేనే. మన్ను కలిసింది వేస్తే పైపు పూడుకుంటుంది, ఆ ప్లంబర్ ఖర్చు కూడా మన మీదికే వస్తుంది.

జాగా ఉన్న ఇళ్లలో గుంత తీసి పూడ్చొచ్చు. బోరుకు, కూరగాయల మడికి దూరంగా, కనీసం అడుగున్నర లోతు. మన నేలల్లో అడుగు దిగగానే మొరం తగులుతుంది, గడ్డపార లేకుండా గుంత కాదు. కాబట్టి ప్రతిసారీ తవ్వకుండా ఒకేసారి పెద్ద గుంత తీసి, వేసినప్పుడల్లా పైన మన్ను కప్పుతూ పోవడం మేలు.

చెత్త బండికి ఇవ్వాలంటే రెండు కవర్లలో గట్టిగా ముడేసి, ఇదేమిటో చెప్పి ఇవ్వాలి. ఎండుటాకుల బస్తాలో అడుగున దాచి ఇస్తారు కొందరు. ఆ బస్తా అవతల ఇంకో మనిషి చేత్తో విప్పి వేరు చేస్తాడు. మనం వద్దనుకున్న పనిని చెప్పకుండా అతని చేతిలో పెట్టినట్టే. ఖాళీ ప్లాటులోకి విసరడం గురించి చెప్పనక్కర్లేదు, పక్కింటివాళ్లు బాల్కనీలోంచి చూస్తూనే ఉంటారు.

పెంటే కదా, మొక్కలకు బలం కాదా?

ఈ ప్రశ్న మన మాట వల్లే వస్తుంది. ఎండాకాలంలో పొలానికి పెంట తోలడం మనకు అలవాటు. పెంటకుప్ప అంటేనే ఎరువు. కానీ అది పశువుల పెంట. పశువు గడ్డి తింటుంది, దాని పేడ నెలల తరబడి కుప్పలో మాగుతుంది. కుక్క అయితే మాంసం, గుడ్డు, మన మిగులు అన్నం తింటుంది, దాని కడుపులోని పురుగులు మనిషికీ అంటుకుంటాయి. పాలకూర, కొత్తిమీర, పుదీనా లాంటి పచ్చి ఆకుల మడిలో దాన్ని వేయడం అంటే ఆ పురుగుల గుడ్లను నేరుగా వంటింట్లోకి పంపడం.

కంపోస్టులో కలిపితే చచ్చిపోతాయి కదా అని ఒక మేడమ్ అడిగారు. కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తే చాలా క్రిములు చస్తాయి. పెరట్లో డ్రమ్ముకు చిల్లులు పెట్టి చేసే కంపోస్టు అంత వేడెక్కదు. వద్దు.

దీనివల్ల నిజంగా రోగాలొస్తాయా, లేక ఊరికే భయమా?

వస్తాయి. అయితే ఏది ఎలా వస్తుందో తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది.

కుక్క కడుపులో పొడుగు ఏలిక పాములుంటాయి. వాటి గుడ్లు పెంటతో బయటికి వస్తాయి. అప్పుడే పడిన పెంటలోని గుడ్డు వెంటనే అంటుకోదు, మట్టిలో రెండు మూడు వారాలు ఉన్నాక అంటుకునే స్థితికి వస్తుంది. అంటే మీరు చూసి ముక్కు మూసుకున్న పెంట కంటే, ఎప్పుడో కరిగి కనబడకుండా పోయిన పెంటే ప్రమాదం. ఆ గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతాయి. గోళ్ల మట్టితో నోట్లోకి పోతే పిల్ల పురుగులు ఒంట్లో తిరుగుతాయి, అరుదుగా కంటికి చేరి చూపును దెబ్బతీస్తాయి. మట్టిలో ఆడే పిల్లలకు ఎక్కువ ప్రమాదం.

రెండోది కొంకి పురుగు. దీనికి నోరు అక్కర్లేదు. తడి నేలలో ఉత్త కాళ్లతో నడిస్తే చర్మంలోంచి దూరుతుంది. పాదం మీద ఎర్రగా వంకర టింకర గీత, రాత్రంతా దురద, గీత రోజు రోజుకూ ముందుకు జరుగుతుంది. మా జట్టులో ఒక తమ్ముడికి శ్రావణంలో ఇలాగే అయింది. తామర అనుకుని వారం రోజులు మెడికల్ షాపు మలాం రాశాడు. చర్మం డాక్టర్ గీత చూడగానే, "చెప్పులు లేకుండా పని చేస్తావా?" అని అడిగాడట. మందుతో తగ్గింది.

మూడోది పెంటతో కాదు, ఉచ్చతో వస్తుంది. లెప్టో జ్వరం. ఎక్కువగా ఎలుకలది, కుక్కలదీ కావచ్చు. వాన నీళ్లు నిలిచిన చోట, కాలికి పుండు ఉంటే లోపలికి పోతుంది. జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం ఉంటే డాక్టర్‌కు "నేను తోటపని చేస్తాను" అని తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతో డాక్టర్ ఆలోచన మారుతుంది.

పిచ్చికుక్క రోగం పెంట తొక్కితే రాదు. అది కాటుతో, గాయం మీద పడిన చొంగతో వస్తుంది.

నిజానికి మాకు అసలు ప్రమాదం బీడీ, గుట్కా, టీ దగ్గర ఉంది. పని మధ్యలో చేయి కడగకుండా అరచేతిలో తంబాకు నలిపి పెదవి కింద పెట్టుకుంటే ఎన్ని గ్లౌజులు వేసి ఏం లాభం. సబ్బు బిళ్ల ఒకటి జేబులో ఉంచుకోండి.

కంట్లో, నోట్లో చింది పడితే?

కన్ను నలపొద్దు. శుభ్రమైన నీళ్లతో పదిహేను నిమిషాలు ధారగా కడగాలి. నోరు పుక్కిలించి ఉమ్మాలి. కన్ను ఎర్రబడినా, మసక వచ్చినా అదే రోజు కంటి డాక్టర్. తెగిన గాయానికి అంటితే సబ్బుతో కడిగి, ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి. ఇలాంటి మురికి గాయానికి ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి. తోటపనివాళ్లలో ఆ తేదీ గుర్తున్నవాడిని నేనింకా చూడలేదు.

ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్ చల్లితే సరిపోతుందా?

వాసన పోతుంది. పురుగు గుడ్లు పోవు, వాటి పెంకు మందం. పైగా గడ్డి మాడుతుంది, కుక్క ఆ చోట నాకితే దానికి కడుపు చెడుతుంది. సిమెంట్ గచ్చు మీద అయితే ముందు ఎత్తేసి, తర్వాత మరిగే నీళ్లు పోయడం వీటికంటే మేలు. బ్లీచింగ్‌ను బాత్రూమ్ యాసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

లాన్‌లో గుండ్రటి పసుపు మచ్చలు కుక్క వల్లేనా?

మచ్చ నడుమ ఎండిపోయి, చుట్టూ రింగులా ముదురు ఆకుపచ్చ ఉంటే అది కుక్క ఉచ్చే. అందులో నత్రజని ఎక్కువ. యూరియా ఒకేచోట గుప్పెడు పోస్తే పంట మాడినట్టు నడుమ మాడుతుంది, అంచుకు కొంచెమే అందుతుంది కాబట్టి అక్కడ ఏపుగా పెరుగుతుంది. పోసిన వెంటనే ఒక బకెట్ నీళ్లు పోస్తే మచ్చ రాదు. మాడిపోయిన చోట రెండు అంగుళాల మన్ను తీసి, కొత్త మన్ను పోసి గడ్డి నాటుకోవాలి.

రింగు లేకుండా లాన్ అంచులన్నీ పసుపెక్కితే కుక్కను తిట్టకండి. మన బోరు నీళ్ల ఉప్పు కూడా అదే పని చేస్తుంది.

మొక్కలకు ఏ పిండి వేసినా కుక్క తవ్వి తింటోంది. ఏం చేయాలి?

ఆముదం పిండి వేస్తే వెంటనే ఆపండి. ఇది పెంట సంగతి కాకపోయినా, ఈ పేజీలో ఒక్కటే చదువుతానంటే ఇది చదవమంటాను. మన పాలమూరు, నల్గొండ చెల్కల్లో ఆముదం పాత పంట. పాలెం పరిశోధన కేంద్రంలో దాని మీద ప్రత్యేకంగా పని చేస్తారు. అందుకే ఆముదం పిండి ఇక్కడ చాలామందికి తెలిసిన ఎరువు, వేరుపురుగుకూ మంచిదని గులాబీలకు వేస్తారు. నూనె తీశాక రైసిన్ అనే విషం పిండిలోనే మిగులుతుంది. వాసనకు కుక్క తవ్వి తింటుంది. కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మరుసటి రోజు, వాంతులు, రక్త విరేచనాలు మొదలవుతాయి. కుక్క ప్రాణమే పోవచ్చు.

మహబూబ్‌నగర్‌లో మెట్టుగడ్డ వైపు పని చేసే మా బావ ఒక ఇంట్లో గులాబీ కుండీలకు ఆ పిండి వేశాడు. రెండో రోజు పొద్దున పెంట ఎత్తబోయిన పనమ్మాయి అందులో రక్తం చూసి మేడమ్‌ను పిలిచింది. పశువుల దవాఖానకు వెంటనే తీసుకుపోయారు, కుక్క దక్కింది. ఆ ఇంటి పని మాత్రం బావకు దక్కలేదు. కుక్క ఉన్న ఇంట్లో ఎముకల పొడి కూడా తవ్విస్తుంది. బాగా మాగిన పశువుల ఎరువు వాడండి.

అలాగే, ఎత్తేటప్పుడు పెంటలో రక్తం గానీ, సేమియాలా తెల్లని పురుగులు గానీ కనబడితే ఇంటివాళ్లకు చెప్పండి. పెద్ద కుక్కకు మూడు నెలలకోసారి పురుగుల మందు వేయించమని డాక్టర్లు చెబుతారు. ఆ మందు కుక్కకే కాదు, మనకూ రక్షణే.

వీధి కుక్కలు గేటు సందులోంచి వచ్చి పోతున్నాయి. ఎర్ర నీళ్ల సీసా పెడితే రావంటారు, నిజమేనా?

మా కాలనీల్లో పది గేట్లకు ఆరు గేట్ల దగ్గర ఎర్ర నీళ్లో, నీలిమందు కలిపిన నీళ్లో సీసాలో పోసి కట్టి ఉంటాయి. కుక్క కంటికి నీలం, పసుపు తెలుస్తాయి, ఎరుపు మాత్రం మసకగా మట్టి రంగులా ఉంటుంది. నీలం తెలిసినంత మాత్రాన భయపడేదేమీ లేదు. ఒక గేటు దగ్గర ఆ సీసాకే కాలెత్తి పోసిన కుక్కను నేను కళ్లారా చూశాను.

కారం చల్లొద్దు. ఒక్క వానకు పోతుంది, ఈలోపు కలుపు తీసే మనిషి చేతికే మంట. విషం పెట్టడం నేరం. గేటు కింద సందుకు జాలీ కొట్టించడం, గోడ వారగా రాత్రి అన్నం పడేయకపోవడం, ఈ రెండే పనిచేస్తాయి. మున్సిపాలిటీ వాళ్లు ఆపరేషన్ చేయించి తెచ్చి వదిలిన కుక్కలకు చెవి చివర కత్తిరింపు ఉంటుంది. అవి కొంచెం నెమ్మదిగా ఉంటాయి.

కుక్కను కట్టేయకపోతే?

గేటు బయటే నిలబడండి. "ఏమనదు, లోపలికి రా" అన్న మాట నమ్మి లోపలికి పోయి కాటు తిన్నవాళ్లు ఇద్దరు నాకు తెలుసు. కరిస్తే గాయాన్ని నల్లా కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు సర్కారు దవాఖానకు పోవాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో సూదులు ఉంటాయి. రక్తం వచ్చిన గాయమైతే దాని చుట్టూ ఇచ్చే ఇంకో మందు కూడా అవసరం, అడగండి. పసుపు, సున్నం పెట్టొద్దు. ఇంటి కుక్కకు టీకా వేయించామన్నా సరే, డాక్టర్ చెప్పేదాకా సూది మానొద్దు.

ఎత్తినందుకు ఎంత తీసుకోవాలి?

మేం ఒకసారికి వంద రూపాయలు తీసుకుంటాం, రెండు కుక్కలుంటే నూట యాభై. బిల్లు కాగితం మీద వేరే లైన్‌గా రాస్తాను. వింత ఏమిటంటే, ఆ లైన్ రాయడం మొదలుపెట్టాక సగం ఇళ్లలో లాన్ ముందే శుభ్రంగా ఉంటోంది.

బూటు అడుగున గాళ్లలో ఇరుక్కుంది, బండి మీద వాసన వస్తోంది. ఎలా?

తడి మీద గీకకండి, ఇంకా లోపలికి పోతుంది. ఎండలో గంట పెడితే గట్టిపడి పెళ్లలుగా ఊడుతుంది, మన ఎండకు అరగంట చాలు. మిగిలింది పాత టూత్‌బ్రష్, సర్ఫ్ నీళ్లతో పోతుంది. బండి ఫుట్‌రెస్ట్ రబ్బరు కింద కూడా చూడండి, నేను ఒకసారి రెండు రోజులు వెతికాక అక్కడ దొరికింది. ఆ బ్రష్‌కు వైరు చుట్టి గుర్తు పెట్టుకోండి. స్పార్క్ ప్లగ్ తుడిచే బ్రష్, ఇది ఒకే డబ్బాలో వేసి మా తమ్ముడు ఒకసారి దీంతోనే ప్లగ్ తుడిచాడు. మిషన్ వేడెక్కాక ఆ వాసనకు పని వదిలి రోడ్డు మీదికి వచ్చేశాడు.